ఎక్కడ పట్టావు లిండన్?

లిండన్ భార్య గ్లెనిస్ ఫోన్ చేసేసరికి నేను వంటింటి హీటర్ ముందు నిలబడి తడి మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్నాను. ఆ పొద్దున కూడా వై నది నన్ను ఉత్తచేతులతోనే ఇంటికి పంపింది.

"ఐవర్, లిండన్ నీ దగ్గర ఉన్నాడా?"

"లేడు. ఏమైంది?"

"మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానన్నాడు. మూడు దాటింది. ఫోన్ చేస్తే మోగడం కూడా లేదు. చేపల పిచ్చోడే గానీ తిండికి మాత్రం ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు."

"ఎక్కడికి వెళ్తున్నానని చెప్పాడు?"

"బ్రాకెన్ చెరువుకి."

పొద్దున లేవగానే లిండన్ నాకు పంపిన మెసేజ్ ఫోన్లో ఇంకా ఉంది. 'వై నదికి వెళ్తున్నా, పాత మిల్లు కింద.' నేను ఆ మిల్లు కిందే నాలుగు గంటలు కూర్చుని వచ్చాను. అక్కడ లిండన్ లేడు. చేపా లేదు.

"చెరువుకి వెళ్ళి చూస్తాను, నువ్వు కంగారు పడకు" అని తడి మేజోళ్ళే మళ్ళీ తొడుక్కున్నాను.

నాకు ఆ క్షణంలో వచ్చింది భయం కాదు, ఒళ్ళుమంట. ఎందుకో చెప్పాలంటే ఆ చలికాలం సంగతి చెప్పాలి.

లిండన్, నేను ఇరవై ఏళ్ళుగా కలిసి గాలం వేస్తున్నాం. అతను హియర్‌ఫర్డ్‌లో తాళాలు బాగుచేస్తాడు, నేను స్కూలు బస్సు నడుపుతాను. మా ఇద్దరికీ ఇష్టమైన చేప చబ్. ఇత్తడి రంగు ఒళ్ళు, ఇంత నోరు, గట్టు మీద మనిషి నీడ పడితే చాలు మాయమైపోయే పిరికితనం. పట్టడం, తూచడం, ఫొటో తీసుకోవడం, నీళ్ళలోకి వదలడం. అంతే మా వేట. నవంబరు నుంచి నాకు అందులో మొదటి పనే జరగలేదు. చెరువు గట్టున కూర్చుంటే చెరువు గడ్డ కట్టింది. వై నదికి వెళ్తే చెట్టుకొమ్మలు తగిలాయి. ఒకసారి బాతు తగిలింది. గాలం విప్పబోతే నా బొటనవేలు కొరికి పోయింది.

అదే చలికాలంలో లిండన్ ప్రతి శనివారం సాయంత్రం నాకొక ఫొటో పంపేవాడు. చేతుల్లో బలిసిన చబ్, ఆరు పౌన్లకి తగ్గదట. ఒకసారి ఎర్ర టోపీ, ఒకసారి పచ్చ టోపీ, ఒకసారి టోపీ లేకుండా. నవ్వు మాత్రం అదే. వెనక నది గానీ చెట్టు గానీ కనబడకుండా వేలితో రుద్ది మసక చేసేవాడు.

"ఎక్కడ పట్టావు?" అని అడిగేవాణ్ణి.

ఒక వారం బ్రాకెన్ చెరువు అన్నాడు. వెళ్ళాను, ఏమీ లేదు. ఇంకో వారం వై నది మీద వంతెన దాటాక తెల్ల గేటు, అక్కణ్ణించి ఎడమకి అన్నాడు. వడగళ్ళలో గంటసేపు ఆ తెల్ల గేటు కోసం వెతికాను. అలాంటి గేటే లేదు. అడిగితే, "గాలికి పడిపోయిందేమో" అన్నాడు, కళ్ళార్పకుండా. మా వాళ్ళలో ఇది తప్పు కింద లెక్కకాదు. మంచి చోటు దొరికినవాడు దాన్ని పెళ్ళానికైనా చెప్పడు. నాకు దొరికినా నేనూ చెప్పేవాణ్ణి కానేమో. కానీ దొరకలేదుగా. అదీ నా మంట.

బ్రాకెన్ చెరువు దగ్గర కార్లు ఆపే చోటు ఖాళీ. గొడుగు కింద ఒక ముసలాయన మాత్రం ఉన్నాడు. లిండన్ పేరు చెప్పి అడిగితే, "పొడుగాటి మనిషేనా? క్రిస్మస్ ముందు నుంచీ ఈ దిక్కుకే రాలేదు" అన్నాడు.

అక్కడి నుంచే పోలీసులకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి ఓపికగానే మాట్లాడింది.

"ఏ నది దగ్గర ఉన్నాడండీ?"

"తెలీదు."

"నదేనా, చెరువా?"

"అదీ తెలీదు."

"మరి మేం ఎక్కడ వెతకమంటారు సార్? ఒక చోటు చెప్పండి, వెంటనే మనుషుల్ని పంపిస్తాం."

ఒక చోటు! నేను చలికాలమంతా అడుగుతున్నది అదే కదా.

కారు రేడియోలో వేల్స్ కొండల్లో రాత్రంతా వాన పడిందనీ, సాయంత్రానికి కింది నదులన్నీ పెరుగుతాయనీ చెబుతున్నారు. అప్పుడు మొదటిసారి భయమేసింది. కారు తిప్పి క్లెమ్ దుకాణానికి పోనిచ్చాను.

క్లెమ్ యాప్ గాలాలూ ఎరలూ అమ్ముతాడు. అగ్నిమాపక దళంలో పిలిస్తే వెళ్ళే మనిషి కూడా. నడుముకి పేజర్ కట్టుకునే వానపాములు తూచి ఇస్తుంటాడు. జిల్లాలో ఎవడు ఎక్కడ ఏం పట్టాడో ముందు అతనికే తెలుస్తుంది. అందుకే అతనికి ఎవరూ నిజం చెప్పరు.

"క్లెమ్, లిండన్ పొద్దున వచ్చాడా?"

"వచ్చాడు. ఒక డబ్బా పురుగులు తీసుకున్నాడు. చర్చి వెనక కాలవకి పోతున్నా అన్నాడు. ఏం, నీ చేప ఎత్తుకుపోయాడా? అయినా నీకు చేపెక్కడిది లే!"

"వేళాకోళం కాదు. ఇంటికి రాలేదు."

క్లెమ్ నవ్వు ఆపేశాడు. "కాలవ దగ్గర చూడు. నడుం పట్టేసి ఉంటుంది."

"లగ్ నదికి గానీ వెళ్ళి ఉంటాడా? చిన్న నది, ఎవరూ పోరు..."

"లగ్గా?" క్లెమ్ కౌంటర్ తుడవడం మొదలుపెట్టాడు. "చలికాలం లగ్‌లో ఏముంటుంది, బురద తప్ప? అటు పోయి టైమ్ పాడుచేసుకోకు. కాలవ చూడు."

కాలవ చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఒక పడవలో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. లిండన్ లేడు. భార్యకి చెరువు, నాకు నది, క్లెమ్‌కి కాలవ. ముగ్గురికి మూడు చోట్లు చెప్పి నాలుగో చోటికి పోయాడు. గట్టు మీద నిలబడి గట్టిగా తిట్టాను. పడవలోంచి ఒకావిడ తల బయటపెట్టి, "మమ్మల్నేనా?" అంది.

వెలుగు తగ్గుతోంది. ఇంకేం చెయ్యాలో తోచక లిండన్ ఇంటికే వెళ్ళాను. గ్లెనిస్ తలుపు దగ్గరే ఉంది, కోటు తొడుక్కుని, తాళంచెవులు చేత్తో పట్టుకుని.

"దొరికాడా?"

"గ్లెనిస్, బాగా ఆలోచించి చెప్పు. శనివారం వస్తూ వస్తూ ఏమైనా తెస్తాడా? బీరు, కట్టెలు, ఏదైనా సరే."

"ఏం తెస్తాడు, బురద తెస్తాడు. ఆ బాతు గుడ్లు తెస్తాడు."

"ఏ బాతు గుడ్లు?"

వంటింటి గట్టు మీద బుట్టలో పాలిపోయిన నీలం రంగు గుడ్లు పోగై ఉన్నాయి. "ప్రతి వారం అరడజను. నాకు పడవని చెప్పినా వినడు. చెరువు దగ్గర ఎవరి గేటుకో నీలం పెట్టె ఉంటుందట, అందులో డబ్బులు వేసి తీసుకోవడమేనట. ఒకసారి ఆ గేటు దగ్గర పెద్దబాతు ఈయన ప్యాంటు పట్టుకుని లాగిందని చెప్పి ఒకటే నవ్వు."

చెరువు దగ్గర అలాంటి పెట్టె లేదు. కానీ నీలం పెట్టె నాకు తెలుసు. వారానికి ఐదు రోజులు, రోజుకి రెండుసార్లు, నా బస్సుని చూసి మెడ చాచి పరిగెత్తుకొచ్చే పెద్దబాతు కూడా తెలుసు. లగ్ నది పక్క సందులో, టేలర్ల పొలం గేటు.

"నువ్వు ఇక్కడే ఉండు. ఫోన్ దగ్గర" అన్నాను.

"ఎక్కడున్నాడో తెలిసిందా?"

"తెలిసిందనుకుంటున్నా."

ఆ దారంతా నాకు ఒకటే ఆలోచన. క్లెమ్‌ని అడిగినప్పుడు తిన్నగా ఇటే వచ్చి ఉంటే ఈపాటికి ముప్పావుగంట కలిసొచ్చేది.

నీలం పెట్టె ఉంది. గేటు దగ్గర లిండన్ కారు లేదు. పెద్దబాతుని బూటుతో అదిలిస్తూ వెళ్ళి తలుపు కొట్టాను. రబ్బరు బూట్లు వేసుకున్న ముసలావిడ తీసింది.

"శనివారం శనివారం ఇక్కడికి ఒకాయన వస్తుంటాడా అండీ? పొడుగ్గా, చేపలు పట్టే ఆయన?"

"చేపలాయన ఎవరూ రారు బాబూ. పిట్టలాయన వస్తాడు."

"పిట్టలాయనా?"

"లకుముకి పిట్టల్ని లెక్కపెడతాడట, ప్రభుత్వం పంపిందట. పాపం, మంచి మనిషి. పొడుగాటి సంచీలో దుర్భిణి తెచ్చుకుంటాడు. కారు పిట్టలకి కనబడకూడదని నా గడ్డివాము వెనక పెడతాడు."

గడ్డివాము వెనకకి పరిగెత్తాను. లిండన్ కారు అక్కడే ఉంది. ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"ఎటు వెళ్తాడండీ?"

"పొలం దిగువకి, అల్డర్ చెట్లున్న నది వంపుకి. బాబూ, జాగ్రత్త! కింద అంతా ఊబి. నిన్ననే మా ట్రాక్టరు దిగబడిపోయింది, ఇంకా అక్కడే ఉంది."

పొలంలో మోకాళ్ళ దాకా దిగబడుతూ పడుతూ లేస్తూ వెళ్ళాను. లగ్ పొంగుతున్న చప్పుడు ముందు వినిపించింది, తర్వాత కనబడింది. టీ రంగు నీళ్ళు కొమ్మల్ని తిప్పుకుంటూ పోతున్నాయి. గట్టు అంచున మడతకుర్చీ. పక్కన ఫ్లాస్కు. గాలపు కర్ర ఆనించే ఊతం నేలలో గుచ్చి ఉంది, దాని మీద కర్ర లేదు. అక్కణ్ణించి కిందికి ఎర్రమట్టిలో మనిషి జారిన చార.

"లిండన్!"

జవాబు కింద నుంచి వచ్చింది, గొంతు బొంగురుగా. "ఎవరది?"

"నేను, ఐవర్ని!"

కాస్త ఆగి, "నీకీ చోటెవరు చెప్పారు?" అన్నాడు.

చెట్టువేళ్ళు పట్టుకుని దిగాను. లిండన్ నడుం దాకా నీళ్ళలో ఉన్నాడు, గట్టుకి వీపు ఆనించి. కుడికాలు రెండు చెట్టువేళ్ళ మధ్య చీలమండ దాకా ఇరుక్కుని తిరగకూడని వైపు తిరిగి ఉంది. పెదాలు నీలం. ఎడంచేత్తో కొమ్మ, కుడిచేత్తో గాలపు కర్ర. కర్ర మాత్రం వదల్లేదు.

చంకల కింద చేతులు వేసి లాగాను. అతను పెట్టిన కేకకి అవతలి గట్టున కాకులు లేచాయి. కాలు కదల్లేదు. ఇంకోసారి లాగాను. నా బూట్లలోకి నీళ్ళొచ్చాయి తప్ప ఏమీ జరగలేదు. నా కోటు అతని భుజాల మీద కప్పాను.

"నీ ఫోనేది?"

"నదిలో."

నా ఫోన్ తీశాను. అక్కడ సిగ్నల్ లేదు.

"పైకెళ్ళి ఫైరింజనుకి ఫోన్ చేస్తాను. పొలం వైపు నుంచి బండి రాలేదు, దిగబడుతుంది. ఇంకో దారి ఉందా?"

లిండన్ కళ్ళు మూసుకున్నాడు.

"లిండన్! బండి ఇక్కడిదాకా రావడానికి దారుందా?"

"ఉంది... కింది రోడ్డు. పాత పంపు గది పక్కన ఆకుపచ్చ గేటు. లోపల హాప్ తీగల తోటలోకి వెళ్ళే బాట. పైకి గడ్డే కనబడుతుంది, కింద రాళ్ళు పరిచి ఉన్నాయి. లారీ అయినా వస్తుంది."

నేను పైకి ఎక్కబోయి ఆగిపోయాను.

ఆకుపచ్చ గేటు. ఆ మాట విన్నప్పుడే నాకు తెల్ల గేటు గుర్తొచ్చింది. వడగళ్ళు గుర్తొచ్చాయి. నది ఇప్పుడతని పొట్ట దాటింది. బండి తప్పు దారిలో దిగబడితే ఇంకో బండి వచ్చేలోపు నీళ్ళు మెడ దాటతాయి. కింది రోడ్డు మీద నేను రోజూ బస్సు నడుపుతాను. పంపు గది పక్కన కంప తప్ప గేటు చూసిన గుర్తు లేదు.

"నిజం చెబుతున్నావా?"

"నిజంరా."

"తెల్ల గేటు కూడా నిజమే అన్నావు."

"అది వేరు! అది చేపల మాట!"

"ఇది కూడా నీ చోటే కదా. జనం కింది రోడ్డున వచ్చి తిరిగిపోవాలని చెప్పట్లేదని నాకెలా తెలుస్తుంది? చలికాలమంతా నన్ను కుక్కలా తిప్పావు. గ్లెనిస్‌కి ఒకటి, నాకొకటి, క్లెమ్‌కి ఒకటి. ఆ ముసలావిడకి పిట్టలాయనవి! నీ నోట్లోంచి ఒక్క నిజం వచ్చిందా? ఒక్కటి చెప్పు, వెళ్తాను!"

లిండన్ దంతాలు టకటకమని కొట్టుకుంటున్నాయి. తలవంచాడు.

"ఆ చబ్..." అన్నాడు.

"ఏ చబ్?"

"ఫొటోల్లో చబ్‌లు. అన్నీ ఒకటే."

"ఏమిటీ?"

"ఒకటే చేపరా. నవంబరు నుంచీ అదే. ఇక్కడే, ఈ వేళ్ళ కిందే ఉంటుంది. తోక పైన చిరుగు ఉంటే చేత్తో మూసి ఫొటో తీసుకునేవాణ్ణి. టోపీలు మార్చాను."

ఆ ఎర్ర టోపీ, పచ్చ టోపీ వరసగా గుర్తొచ్చాయి.

"ఆరు పౌన్లన్నావే?"

అతని గొంతు ఇంకా చిన్నదైంది. "నాలుగు పౌన్ల పది ఔన్సులు."

అంతే, నాకు నమ్మకం కుదిరింది. గాలం పట్టుకున్న మనిషి ప్రాణం మీదికొచ్చినా చెప్పని మాట అది. ఆకుపచ్చ గేటు ఉంది. ఇంక అనుమానం లేదు.

పైకెక్కి కుర్చీ దాటి పరిగెత్తాను. పొలం మధ్యలో సిగ్నల్ దొరికింది. చోటు చెప్పాను, నీలం పెట్టె వైపు రావద్దన్నాను, పంపు గది, ఆకుపచ్చ గేటు, హాప్ తోట బాట అని రెండుసార్లు చెప్పాను. వెనక్కి వచ్చి నీళ్ళలోకి దిగి అతన్ని వెనకనుంచి పట్టుకుని నిలబడ్డాను.

"ఆ మాట ఎవరికీ చెప్పవు కదూ" అన్నాడు.

"నోర్మూసుకో."

"చోటు సంగతి కాదు. బరువు సంగతి."

"లిండన్, ఇంకో మాట మాట్లాడితే వదిలేస్తాను."

వదల్లేదు. నా కాళ్ళకి స్పర్శ పోయింది. నీళ్ళు అతని ఛాతీ దగ్గరికొచ్చాయి, నాకూ నడుం దాటాయి. అతని తల నా భుజం మీద బరువెక్కుతుంటే చెంప మీద కొట్టి లేపాను. చలికాలమంతా వాణ్ణి ఒకటి కొట్టాలనుకున్నాను గానీ ఇలా కాదు.

బండి లైట్లు నేననుకున్నదానికంటే చాలా ముందే కనబడ్డాయి. కంప వెనక నుంచి, మలుపు దగ్గర కొంచెం కూడా తడబడకుండా, గడ్డి బాట మీద తిన్నగా వచ్చి గట్టుకి పదడుగుల దూరంలో ఆగింది. ముందుగా దూకింది క్లెమ్. తాడు కట్టుకుని దిగాడు, చిన్న రంపంతో వేరు కోశాడు. నలుగురూ కలిసి లిండన్‌ని పైకి లాగి వెండి దుప్పటి చుట్టేసరికి నేను అక్కడే కూలబడ్డాను.

బండి వెనకే వచ్చిన అంబులెన్సు అమ్మాయి లిండన్ నాడి చూసి, "బతుకుతాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని" అంది.

క్లెమ్ నా పక్కకొచ్చి చేతులు తుడుచుకుంటూ నది వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలి, "నువ్వు నాకు చూపించిన ఆ ఫొటోల్లో చేప ఇక్కడిదేనా? ఎంతుంటుందన్నాడు?" అని అడిగాడు.

స్ట్రెచర్ మీద నుంచి లిండన్ కళ్ళు నా మీదే ఉన్నాయి. ఒట్టు, నిజమే చెబుదామనుకున్నాను.

"ఆరు పౌన్లు" అన్నాను.

"ఆరా!" క్లెమ్ గుర్రుమన్నాడు. "నాలుగు పౌన్ల పది ఔన్సులు. మొన్న బుధవారమే తూచాను. తోక మీద చిరుగు..."

అక్కడ ఆగిపోయాడు. ఆలస్యంగా.

స్ట్రెచర్ కదిలింది. "బుధవారమా?" అన్నాడు లిండన్, లేవబోతూ. "బుధవారాలు నువ్వొస్తున్నావా? నా చోటికి?"

"నీ చోటేంటి? మూడేళ్ళుగా నాది!"

ఆ బండి మలుపు దగ్గర ఎందుకు తడబడలేదో అప్పుడు అర్థమైంది నాకు. కౌంటర్ ఎందుకు తుడిచాడో కూడా.

"క్లెమ్" అన్నాను. లేచి నిలబడ్డాను. "దుకాణంలో నిన్ను అడిగాను. లగ్ నది అని పేరుపెట్టి అడిగాను."

"వాడు కాలవ అన్నాడని నేను నిజంగానే..."

"బురద తప్ప ఏముందన్నావు. నేను కాలవ గట్టు మీద తిరుగుతుంటే వీడు ఇక్కడ మునుగుతున్నాడు."

క్లెమ్ హెల్మెట్ తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. లిండన్ ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరిలో ఎవణ్ణి ముందు నదిలోకి తొయ్యాలో నేను తేల్చుకోకముందే జేబులో ఫోన్ మోగింది. బండి ఆగిన చోట సిగ్నల్ ఉందన్నమాట.

"ఐవర్? దొరికాడా?" గ్లెనిస్ అరిచినంత పని చేసింది.

"దొరికాడు. బతికే ఉన్నాడు. కాలు విరిగింది."

అవతల ఏడుపు విన్నాను. కాసేపటికి ముక్కు చీదుకుని అడిగింది. "ఎక్కడ? ఎక్కడ దొరికాడు?"

లిండన్ దుప్పట్లోంచి చెయ్యి తీసి వద్దు వద్దని ఊపాడు. క్లెమ్ కూడా వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. చుట్టూ ముగ్గురు అగ్నిమాపక వాళ్ళు, ఇద్దరు అంబులెన్సు వాళ్ళు తాళ్ళు చుట్టడం ఆపి వింటున్నారు.

"లగ్ నది, టేలర్ల పొలం కింద, అల్డర్ల వంపు" అన్నాను, అందరికీ వినబడేలా. "కింది రోడ్డులో పంపు గది పక్కన కంప వెనక ఆకుపచ్చ గేటుంది. లోపల బాట గట్టిదే, కారు దిగబడదు."